సెకోయా కేస్ స్టడీ: పేరు నిలిచిన యాట్, చెక్క నిలవని యాట్

2016 నవంబరులో అమెరికాలోని డెలవేర్ చాన్సరీ కోర్టు ఒక పాత చెక్క యాట్ (విహారనౌక) ఎవరికి చెందాలో తేల్చింది. పొడవు 104 అడుగులు, వయసు అప్పటికే తొంభై దాటింది. ఆ యాట్ ఎలా ఉందో జడ్జిగారు తీర్పులోనే రాశారు. చెసాపీక్ అఖాతం పడమటి ఒడ్డున, ఊపిరి ఆగిపోయినట్టున్న ఒక పడవల యార్డులో, దానికి చాలని స్లిప్‌వే (పడవల్ని ఒడ్డుకి లాగే వాలు) మీద, సరిపోని క్రేడిల్ (పడవని కింద మోసే చట్రం) మీద కూర్చుని శిథిలమవుతోందని, ఈమధ్య అందులో రకూన్లు అనే చిన్న అడవి జంతువులు కాపురం పెట్టాయని వివరించారు. కోర్టు చివరికి తేల్చిన ధర సున్నా డాలర్లు.

ఆ యాట్ పేరు సెకోయా. హూవర్ నుంచి ఫోర్డ్ వరకు అమెరికా అధ్యక్షుల చేతికి అందుబాటులో ఉన్న పడవ. కెనడీ తన చివరి పుట్టినరోజు పార్టీ చేసుకున్నది దీని మీదే. నిక్సన్ 1973లో సోవియట్ నేత బ్రెజ్నెవ్‌ని తిప్పింది దీని మీదే. 1987లో దీనికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా వచ్చింది. ఇంత పేరున్న పడవ ధర సున్నాకి ఎలా పడిపోయిందన్నదే ఈ కేసు.

నేను హల్ సర్వేయర్‌ని, అంటే ఓడల హల్ (ఒళ్లు) ఎంత గట్టిగా ఉందో తనిఖీ చేసేవాణ్ణి. విశాఖలో నేవల్ ఆర్కిటెక్చర్ చదివాను. చేతికి వచ్చే పని ఎక్కువగా స్టీల్ ఓడలదే అయినా, మనసు పెట్టి చేసేది పాత చెక్క యాట్ల పని. సెకోయాని నేను తనిఖీ చేయలేదు. కోర్టు ముందుకు వచ్చిన విషయాలనూ, ప్రచురితమైన చరిత్రనూ ఒక సర్వేయర్ చదివితే ఏం కనిపిస్తుందో ఇక్కడ రాస్తున్నాను. పాత యాట్ కొనాలనుకునేవాళ్లు చరిత్ర ఫైలు పట్టుకుని వచ్చినప్పుడు నేను ముందుగా చెప్పేది ఈ కేసే.

మొదటి యజమానురాలు

సెకోయాని 1925లో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో, డెలవేర్ నది ఒడ్డున ఉన్న మాథిస్ యార్డులో కట్టారు. డిజైన్ జాన్ ట్రంపీది. ఆయన నార్వేలో పుట్టి అమెరికా వచ్చిన నౌకాశిల్పి. ఆ కాలంలో ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వైపు డబ్బున్న కుటుంబాలు చలికాలానికి ఫ్లోరిడా వెళ్లేవి. అక్కడి లోతులేని నీళ్లలో తిరగడానికి, నెలల తరబడి ఇల్లులా ఉండడానికి ట్రంపీ ఒక రకం యాట్ గీశాడు. నీళ్లలో మునిగే లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, పైన పొడవైన డెక్‌హౌస్, చుట్టూ కిటికీలు. సముద్రం మీద పందెం వేసే పడవ కాదది. కూర్చుని మాట్లాడుకోవడానికి, భోంచేయడానికి, చేపలు పట్టడానికి కట్టింది. అధ్యక్షులకు సరిగ్గా అదే కావలసి వచ్చిందని తర్వాతి చరిత్ర చెబుతుంది.

కట్టించుకున్నది ఫిలడెల్ఫియాకి చెందిన కాడ్వలేడర్ దంపతులు, ఖర్చు 2 లక్షల డాలర్లు. భార్య ఎమిలీ రోబ్లింగ్ కాడ్వలేడర్, బ్రూక్లిన్ వంతెన రూపకర్త జాన్ రోబ్లింగ్‌కి మనవరాలు. ఆమెని ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. 1931లో జర్మనీలోని హాంబర్గ్‌లో బ్లోమ్ ఉండ్ ఫాస్ యార్డు కట్టిన సవరోనా కూడా ఆమెదే. 136 మీటర్ల స్టీల్ యాట్ అది. అమెరికా తీసుకొస్తే దిగుమతి సుంకం మోతమోగేది కాబట్టి ఆమె దాన్ని తన దేశానికి తీసుకురాలేదు. 1938లో టర్కీ ప్రభుత్వం తమ అధ్యక్షుడు అతాతుర్క్ కోసం కొన్నది. ఆయన అప్పటికే జబ్బుపడ్డారు. దాని మీద గడిపింది సుమారు ఆరు వారాలే, అదే ఏడాది నవంబరు 10న కన్నుమూశారు. ఒకే స్త్రీ కట్టించిన రెండు యాట్లు రెండు దేశాల అధినేతల చేతికి వెళ్లాయి. క్లాసిక్ మోటార్ యాట్ల చరిత్రలో నాకు ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి లేదు.

సెకోయాని కాడ్వలేడర్లు 1928లో టెక్సస్‌కి చెందిన ఒక ఆయిల్ కంపెనీ అధినేతకి అమ్మారు. 1931లో వాణిజ్య శాఖ కొన్నది. మద్యనిషేధం రోజులు కదా, దొంగ సారా తెచ్చే పడవల్ని పట్టుకోవడానికి దీన్ని ఎరగా వాడారు. చూడటానికి ధనవంతుల విహారపడవలా ఉంటుంది కాబట్టి స్మగ్లర్లే సరుకు అమ్ముకోవడానికి దగ్గరికి వచ్చేవాళ్లు. హూవర్ చేపల వేటకి దీన్ని అరువు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1933 మార్చి 25న నౌకాదళంలో చేరింది.

మార్పులు: ఎవరు ఏం వదిలి వెళ్లారు

పాత యాట్ ఎక్కగానే నేను చూసేది యజమానులు చేసిన మార్పుల్ని. పోలిష్ చేసిన చెక్క ఎవరికైనా నచ్చుతుంది, కానీ కోసి అతికించిన చోట్లే నిజం చెబుతాయి. సెకోయా ఈ విషయంలో పెద్ద పాఠ్యపుస్తకం.

పోలియో వల్ల కాళ్లు పనిచేయని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కోసం డెక్‌ల మధ్య లిఫ్ట్ పెట్టారు. లిండన్ జాన్సన్ వచ్చాక ఆ లిఫ్ట్ తీయించి అక్కడ బార్ పెట్టించారు. ఆయన ఆరడుగుల పైన మనిషి, స్నానాల గదిలో తల తగులుతుందని నేల కిందికి దింపించారు. వినేవాళ్లకి ఇవి సరదా కబుర్లు. సర్వేయర్‌కి మాత్రం ఇవి తనిఖీ చేయాల్సిన చోట్లు.

చెక్క పడవలో లిఫ్ట్ పెట్టాలంటే డెక్ దూలాలు కోయాలి. కోసిన దూలం చివరలను పట్టుకోవడానికి అడ్డంగా ఇంకో దూలం వేయాలి. పడవ అటూ ఇటూ ఒరిగినప్పుడు మెలిక పడకుండా కాసే పని డెక్‌ది. దానిలో కన్నం పెడితే ఆ బలం చుట్టుపక్కల జాయింట్ల మీద పడుతుంది. తర్వాత లిఫ్ట్ తీసేసి ఆ కన్నం మూసినప్పుడు, కోసిన దూలాలను మళ్లీ పూర్తి పొడవుగా మార్చారా, లేక పైన పలక పరిచి ఊరుకున్నారా? బార్ కౌంటర్ కింద చేయి పెట్టి తడిమితే గానీ తెలియదు. నేల దింపిన స్నానాల గది ఇంకా ప్రమాదం. మంచినీళ్లు రోజూ కారే చోటు ఫ్రేములకి (పడవ పక్కటెముకలకి) దగ్గరగా వెళ్లిందన్నమాట. మంచినీళ్లు చెక్కకి ఎందుకు శత్రువో కింద చెబుతాను.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇలాంటి యాట్ బాగుచేసేటప్పుడు చాలామంది అసలు రూపం కోసం పట్టుబడతారు. 1925 నాటి డ్రాయింగ్ తెచ్చి, దానికి సరిపోని ప్రతిదాన్నీ పీకేయమంటారు. సెకోయా విషయంలో అది చాలా తప్పు అవుతుంది. 1925లో ఇది ఒక ధనిక కుటుంబపు యాట్, ఇంకేమీ కాదు. దీనికి చరిత్ర ఇచ్చింది తర్వాతి చేతులు. రూజ్‌వెల్ట్ లిఫ్ట్ ఉన్న చోట జాన్సన్ బార్ ఉండటమే ఆ చరిత్ర. బలహీనమైన దూలాన్ని మార్చండి, బార్‌ని మాత్రం వెనక్కి తెచ్చి అక్కడే పెట్టండి.

నౌకాదళం చేతిలో

1936లో రూజ్‌వెల్ట్ సెకోయాని వదిలి పొటోమాక్ అనే స్టీల్ యాట్‌కి మారారు. అంతకుముందు అది కోస్ట్‌గార్డ్ పడవ. చెక్క పడవకి నిప్పు అంటుకుంటే నడవలేని అధ్యక్షుణ్ణి దించడం ఎలా అన్నది రక్షణ సిబ్బంది టెన్షన్. సెకోయా నౌకాదళ కార్యదర్శి వాడకానికి వెళ్లింది, అయినా అధ్యక్షులు అడిగినప్పుడల్లా వచ్చేది. 1963 మే 29న కెనడీ 46వ పుట్టినరోజు దీని మీదే జరిగింది. అందరికన్నా ఎక్కువ వాడింది నిక్సన్. 1974 ఆగస్టు 5న వాటర్‌గేట్ కుంభకోణం టేపుల్లో ఆయన్ని ఇరికించిన భాగం బయటికి వచ్చిన సాయంత్రం కుటుంబంతో కలిసి పొటోమాక్ నది మీద తిరిగింది ఈ పడవలోనే. నాలుగు రోజుల తర్వాత పదవి వదిలారు.

కబుర్లు చెప్పేవాళ్లు ఈ రాత్రి దగ్గర ఆగిపోతారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. 1933 నుంచి 1977 వరకు, అంటే 44 ఏళ్లు, ఈ పడవకి నౌకాదళ సిబ్బంది ఉన్నారు. రోజూ డెక్ కడిగేవాళ్లు, బిల్జ్ (పడవ అడుగున నీరు చేరే చోటు) ఆరబెట్టేవాళ్లు, వార్నిష్ పగిలిన చోట వారం తిరగకుండా వేసేవాళ్లు. వేళకి యార్డుకి వెళ్లేది. ఖర్చు గురించి ఎవరూ జేబు తడుముకోలేదు. ఎల్లో పైన్ పలకల పడవ అన్నేళ్లు సేవలో ఉండటం వెనక ఉన్నది ఈ కనపడని పని. అధ్యక్షుల కీర్తికి అందులో ఏ పాత్రా లేదు.

1977లో కార్టర్ ఆడంబరం తగ్గిస్తానన్న మాట నిలబెట్టుకుంటూ దీన్ని వేలం వేయించారు. 2,86,000 డాలర్లు పలికింది. నౌకాదళం దీని మీద ఏటా పెడుతున్న ఖర్చు దాదాపు 8 లక్షల డాలర్లని అప్పట్లో లెక్క చెప్పారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కొన్న ధర, ఒక్క ఏడాది నిర్వహణలో సగం కూడా లేదు. కొన్నవాడు చవగ్గా కొట్టేశాననుకుంటాడు, నిజానికి నెత్తికెత్తుకున్నది ఏటా పడే ఖర్చు. నౌకాదళపు లెక్కలో సిబ్బంది జీతాలు కలిసి ఉంటాయి, సొంతదారు అంత పెట్టనక్కర్లేదు. నిజమే. నాలుగో వంతు పెట్టినా రెండేళ్లలో కొన్న ధర దాటిపోతుంది. నా లెక్కలో సెకోయా పతనం 2016లో కాదు, ఆ వేలం రోజునే మొదలైంది. రకూన్లు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చింది. కొందరు చూపుడు వస్తువుగా తిప్పారు, కొందరు మళ్లీ అధ్యక్షుడికి అప్పగించాలని ట్రస్టు పెట్టారు. మరమ్మతులు చేయించారు, బాకీలు పడ్డారు, పడవ యార్డుల్లో చిక్కుకుంది. ప్రేమ ఎవరికీ తక్కువ కాలేదు, కానీ ఏటా ఖచ్చితంగా వచ్చే డబ్బు ఎవరి దగ్గరా లేదు. 2000లో వాషింగ్టన్‌కి చెందిన ఒక న్యాయవాది కొని, పార్టీలకీ విందులకీ అద్దెకి ఇస్తూ నడిపారు.

చెక్క ఎలా చస్తుంది

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోర్టు తీర్పులో ఒక్క వాక్యంలో ఉన్న క్రేడిల్, స్లిప్‌వే సంగతి అసలు అక్కడే ఉంది.

సెకోయా పలకలు లాంగ్‌లీఫ్ ఎల్లో పైన్, ఫ్రేములు ఓక్. పాత అడవుల లాంగ్‌లీఫ్ పైన్‌లో చేవ దట్టంగా, జిగురు నిండుగా ఉంటుంది. ఇప్పుడు అలాంటి మానులు దాదాపు లేవు. పాత మిల్లులు, గోదాములు కూల్చినప్పుడు వచ్చే దూలాల్లోంచి కోసుకోవాలి. ఓక్ బలమైనదే, కానీ దానిలో ఆమ్లం ఉంటుంది, ఇనప మేకుల్ని తింటుంది.

ఉప్పునీళ్లలో మునిగి ఉన్న చెక్కలో కుళ్లు అంత తేలిగ్గా రాదు. తొలిచే సముద్రపు పురుగు వేరే సంగతి, దానికి రంగులూ పూతలూ ఉన్నాయి. కుళ్లు వచ్చేది పైనుంచి. వానచుక్క, అంటే ఉప్పులేని మంచినీరు, డెక్ సందులోంచి దిగి, పలక వెనక ఫ్రేము తల మీద కూర్చుంటుంది. గాలి ఆడని చోట అక్కడే నిలిచిపోతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలబడితే బూజుజాతి పని మొదలవుతుంది. అందుకే వాడకంలో ఉన్న పడవకన్నా టార్పాలిన్ కప్పి పక్కన పెట్టేసిన పడవ త్వరగా పోతుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళితే గట్టి చెక్క ఖంగుమంటుంది, ఒకచోట చప్పుడు చప్పగా పడిపోతుంది. అక్కడ సన్నటి సూదిమొన పెడితే వెన్నలో దిగినట్టు లోపలికి పోతుంది.

తర్వాత మేకు తీసి చూడాలి. పలక మీద చెక్క బిరడా తీసి, కింద ఉన్న స్క్రూ బయటికి లాగుతాం. తల బాగుంటుంది, మొన బాగుంటుంది, పలకా ఫ్రేమూ కలిసే నడిమి చోట మాత్రం సన్నబడి నడుములా ఉంటుంది. నీరు చేరేది ఆ సందులోకే. ఇత్తడి జాతి స్క్రూ అయితే జింకు కరిగిపోయి ఎర్రటి గులాబీ రంగుకి తిరుగుతుంది, చేత్తో వంచితే విరుగుతుంది. హల్‌లో అక్కడక్కడా కొన్ని ఇలా తీసి చూడకుండా చెక్క యాట్‌కి ధర కట్టకూడదు. యజమాని ఒప్పుకోకపోతే ఆ మాట రిపోర్టులో రాసి సంతకం పెడతాను.

ఇక క్రేడిల్. నీళ్లలో ఉన్న పడవని నీరు ముందు నుంచి వెనక దాకా సమంగా మోస్తుంది. ఒడ్డుకి లాగితే ఆ పని దిమ్మెలు చేయాలి. 104 అడుగుల హల్ కింద వెన్నుదూలం పొడవునా దిమ్మెలు దగ్గరదగ్గరగా ఉండాలి. స్లిప్‌వే పొట్టిదైతే, క్రేడిల్ చాలకపోతే, రెండు కొసలకీ ఆధారం ఉండదు. నెలలు గడిచేకొద్దీ ముక్కు, తోక కిందికి జారతాయి, నడుము పైకి లేస్తుంది. దీన్నే హాగింగ్ అంటారు. బయట చూస్తే డెక్ అంచు గీత వంపు తప్పుతుంది, లోపల తలుపులు బిగుసుకుపోతాయి. ఈలోగా పలకలు ఆరి కుంచించుకుపోతాయి, సందుల్లో కూరిన పత్తి వదులవుతుంది. పైన వాన కుళ్లబెడుతుంటే, కింద ఎండ పలకల్ని విడదీస్తుంటుంది. మూడు దెబ్బలు ఒకేసారి. అలాంటి చోట చెక్క పడవని దావా తేలేదాకా నిలబెట్టడమంటే, ఆ దావా ఎవరు గెలిచినా పడవ ఓడినట్టే.

అప్పు, ఒప్పందం, సున్నా

2012లో యజమాని ఒక పెట్టుబడి సంస్థ దగ్గర లక్షల డాలర్ల అప్పు ఒప్పందం చేసుకున్నారు. ఆ సంస్థ వెనక గోవాకి చెందిన ఒక వ్యాపార కుటుంబం డబ్బు ఉంది. అప్పు షరతులు తప్పితే పడవని ముందుగా రాసుకున్న పద్ధతిలో కొనుక్కునే హక్కు సంస్థకి ఉంది. గొడవ కోర్టుకెక్కింది, ఏళ్లు నడిచింది. చివరికి రాసుకున్న ధరలోంచి మరమ్మతు ఖర్చులూ ఇతర తగ్గింపులూ పోగా మిగిలింది ఏమీ లేదని కోర్టు తేల్చింది.

లాయర్ల వాదనల జోలికి నేను వెళ్లను. నా వృత్తికి సంబంధించినంత వరకు రెండు మాటలు. ఇలాంటి ఒప్పందం రాసే రోజున హల్ సర్వే చేయించి, ఫొటోలతో, తేమ కొలతలతో రెండు పక్షాలూ సంతకం పెట్టి దాచుకోవాలి. రెండోది, తగాదా నడుస్తున్నంత కాలం పడవ బాగోగులు ఎవరివో ఒప్పందంలోనే రాసుకోవాలి. దిమ్మెలు ఎవరు వేస్తారు, వానకి పందిరి ఎవరు కడతారు, బిల్జ్ పంపు ఎవరు చూస్తారు. పెద్ద ఒప్పందాల్లో వడ్డీ లెక్క పేజీలకి పేజీలు ఉంటుంది, ఈ మూడింటి గురించి ఒక్క వరుస కూడా కనిపించదు.

పోల్చడానికి పొటోమాక్, సవరోనా

పొటోమాక్ కథ సెకోయా కన్నా హీనంగా నడిచింది. 1964లో ఎల్విస్ ప్రెస్లీ కొని, ఒక పిల్లల ఆస్పత్రికి దానం ఇచ్చేశారు. 1980లో మాదకద్రవ్యాల కేసులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టుబడింది, ఆ తర్వాత మునిగిపోయింది. పైకి తీసి ఓక్లాండ్ పోర్టు 15,000 డాలర్లకి కొన్నది. ఏళ్ల తరబడి పనిచేసి, దాదాపు 50 లక్షల డాలర్లు పెట్టి, 1995లో జనానికి తెరిచారు. మునిగిన పడవ బతికింది. స్టీల్ కావడం ఒక కారణం, తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతికించవచ్చు. అంతకన్నా పెద్ద కారణం, దాని వెనక ఒక ఊరి పోర్టు నిలబడింది.

సవరోనాకి 1979లో మంట అంటుకుంది. హల్ నిలిచింది, లోపలి అలంకరణ పోయింది. తర్వాత ఒక వ్యాపారవేత్త లీజుకి తీసుకుని బాగుచేసినప్పుడు ఆవిరి టర్బైన్లు తీసేసి డీజిల్ ఇంజిన్లు పెట్టారు. ఆ టర్బైన్లు పోవడం నాకు బాధే. కానీ ఆవిరి యంత్రాంగాన్ని నడిపే మనుషులు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్నకి జవాబు లేనప్పుడు నేనైనా అదే సలహా ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఎక్కడుంది

కొత్త యజమానులు 2019లో సెకోయాని బార్జ్ (సరుకు మోసే చదును పడవ) మీద ఎక్కించి మెయిన్ రాష్ట్రంలోని బెల్‌ఫాస్ట్‌కి, చెక్క పడవల పని తెలిసిన యార్డుకి తరలించారు. తన హల్ మీద తేలి వెళ్లగల స్థితిలో లేదని ఆ బార్జే చెబుతోంది. 2023లో మళ్లీ చెసాపీక్ వైపు, మేరీల్యాండ్‌లోని కేంబ్రిడ్జికి తెచ్చారు. అక్కడి మారిటైమ్ మ్యూజియం చెక్క పడవల పనికి పేరున్నది.

హల్‌లో చాలా భాగం కొత్త చెక్కతో కట్టాల్సి వస్తుందని నా అంచనా. అప్పుడు అది సెకోయానేనా అని అడుగుతారు. అవుననే అంటాను, ఒక షరతు మీద. పాత పలక తీసేముందు హల్‌ని లేజర్‌తో కొలిచి, వంగిన గీతలో ఎంత వయసు వల్ల వచ్చింది, ఎంత ట్రంపీ గీసింది అన్నది వేరు చేయాలి. లేకపోతే జారిపోయిన ఆకారాన్నే కొత్త చెక్కలో పోతపోసినట్టవుతుంది. తీసిన ప్రతి ఫ్రేముకీ నంబరు వేసి, ఎక్కడిదో రాసి, కనీసం జాయింట్లున్న ముక్కలు దాచాలి. ముఖ్యంగా లిఫ్ట్ కోసం డెక్ కోసిన చోటు దూలాలు. ఆ కోతల్లో 1930ల నాటి వడ్రంగి రంపం గీతలు ఇంకా ఉంటే, ఆ ముక్కని మ్యూజియంలో జనం చేతికి అందే ఎత్తులో పెట్టమని అడుగుతాను.